మైకులో చెప్పని ఆట

పోయిన ఆదివారం గుంటూరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాక మా అల్లుడూ, మనవరాలూ హాల్లో టీవీ ముందు చేరి, ఏ దేశంలోనో జరిగిన ఫుట్‌బాల్ ఆటను మళ్ళీ వేస్తుంటే చూస్తున్నారు. నేను పడక్కుర్చీలో పేపరు మొహం మీద కప్పుకుని నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉన్నాను. ఉన్నట్టుండి గోలు పడింది. డిఫెండరు ఒకతన్ని దాటుకుని ఎదుటి జట్టువాడు బంతిని వలలోకి తన్నాడు. మా అల్లుడు తొడ చరిచి, "వీడెవడ్రా బాబూ, పెళ్ళివారికి దారిచ్చినట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు!" అని పగలబడి నవ్వాడు. మా మనవరాలు వాళ్ళ స్కూలు జట్టులో ఆడుతుంది, దానికి ఆ నవ్వు నచ్చలేదు. "ఇందాకట్నుంచీ అతను ఎన్ని ఆపాడో నువ్వు చూళ్ళేదా డాడీ?" అంది.

అల్లుడు ఏదో సమాధానం చెప్పాడు గాని నాకు చెవికెక్కలేదు. పేపరు మడిచిపెట్టి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. గాలి మిర్చియార్డు వైపు నుంచి వీస్తున్నట్టుంది, గొంతులో చిన్న గరగర. "ఏం నాన్నా, కాఫీ పెట్టనా?" అని మా అమ్మాయి అడిగితే తలూపాను గాని నా మనసు అక్కడ లేదు. మనవరాలు వాళ్ళ నాన్నను అడిగిందే, ఇంచుమించు అదే ప్రశ్న చాలా ఏళ్ళ కిందట నన్నొక మనిషి అడిగాడు. ఆ రోజు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ మనిషి మా అక్క భర్త, మా బావ. ఆయన సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పుకుంటే కాస్త అర్థమవుతుందన్న ఆశతో ఇది రాస్తున్నాను.

మాది అద్దంకి వైపు ఊరు. చుట్టూ నల్లరేగడి, ఏడాదిలో సగం పత్తి తెల్లదనం, సగం మిరప ఎర్రదనం. మా ఊళ్ళో మిషను హైస్కూలొకటి ఉండేది. దాన్ని కట్టించిన దొరలు మా చిన్నతనానికే ఓడలెక్కి వెళ్ళిపోయినా, వాళ్ళు నేర్పిపోయిన ఫుట్‌బాలు మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది. తోలుబంతిలో బ్లాడరు దూర్చి, సైకిలు పంపుతో గాలి కొట్టి, నోటితో తాడు బిగించి కట్టుకుని ఆడేవాళ్ళం. బూట్లు ఎవరికీ ఉండేవి కావు. మిరపకోతల కాలం వచ్చిందంటే గ్రౌండు అంచుల వెంబడి రైతులు కాయలు ఆరబోసుకునేవాళ్ళు. బంతి వెళ్ళి ఆ కాయల్లో పడి తిరిగొచ్చాక, దాన్ని పాపం ఎవడైనా తలతో కొట్టాడా, ఇక ఆట అయ్యేదాకా కళ్ళు తుడుచుకుంటూనే పరిగెత్తేవాడు. అద్దంకి నుంచి వచ్చిన జట్లు ఇదేదో మేము కావాలని చేస్తున్న మోసమని రెఫరీకి ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా.

మా నాన్నగారు చర్చి బడిలో మాస్టారు. మేం ముగ్గురం, అక్క, అన్నయ్య, ఆఖరున నేను. అన్నయ్య మంచి బలశాలి, ఊరి జట్టులో బ్యాకు ఆడేవాడు. అంటే గోలు ముందు కాపలా ఉండి ఎదుటివాళ్ళను ఆపేవాడు. ఆ రోజుల్లోనే మా హైస్కూలుకి వేటపాలెం నుంచి ఒక కుర్ర డ్రిల్లు మాస్టారు వచ్చాడు. పొడుగ్గా, నల్లగా, చూడగానే నవ్వే మనిషి కాదు గాని, పిల్లలు మాట వింటారా అని అనుమానం రాని మనిషి. తండ్రి చిన్నప్పుడే పోతే, వాళ్ళమ్మ జీడిగింజలు కొట్టి పప్పుతీసే షెడ్డులో పనిచేసి చదివించింది. ఆవిడ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, గింజల్లోని జీడిరసానికి నల్లగా కాలిన వేళ్ళను కొంగులో దాచుకోవడం నాకింకా గుర్తుంది. డ్రిల్లు మాస్టారి ఉద్యోగం పర్మనెంటు కాలేదు, అవుతుందని హెడ్మాస్టరు గారు మాట ఇచ్చారు. అన్నయ్య ఆయన్ని ఆటకి పిలిచాడు, ఆట నుంచి భోజనానికి పిలిచాడు, ఆ భోజనాల్లో ఎక్కడో మా అక్క ఆయనకు నచ్చింది. అలా డ్రిల్లు మాస్టారు మా బావ అయ్యాడు.

బావ వచ్చాక మా ఊరి ఆట మారింది. అంతకుముందు బ్యాకు అంటే వచ్చిన బంతిని కళ్ళు మూసుకుని వీలైనంత దూరం తన్నేవాడని అర్థం. బావ అలా తన్నేవాడు కాదు. ఎదుటివాడు ఎటు రాబోతున్నాడో ముందే కనిపెట్టి అక్కడికి వెళ్ళి నిలబడేవాడు, అతను తనంతట తనే బంతి తెచ్చి అప్పగించినట్టుండేది. ఆయన అన్నయ్యకు ఒక ఉపాయం కూడా నేర్పాడు. బంతి అందించే క్షణానికి ఎదుటి జట్టువాడు మన బ్యాకులిద్దర్నీ దాటి గోలు దగ్గర నిలబడి ఉంటే అది ఆఫ్‌సైడు, ఆ గోలు చెల్లదు. కాబట్టి బ్యాకులిద్దరూ సరిగ్గా అదను చూసి, ఒక్కసారిగా నాలుగడుగులు ముందుకు జరిగిపోతే, వాడు వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. బావ "రా" అని అరిచి, జెండా ఎత్తి ఆఫ్‌సైడు చెప్పే లైన్స్‌మన్‌కి తెలిసేలా చెయ్యి పైకెత్తి ముందుకొచ్చేవాడు, అన్నయ్య కూడా ఆ కేకతోటే రావాలి. ఒక్కడు కదలకపోయినా ఉపాయం పారదు. ఇప్పుడింత వివరంగా రాస్తున్నాను గాని, ఆ రోజుల్లో నాకు ఇది సరిగ్గా తెలియదు. తెలియని సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు, ఎందుకంటే ఆ ఆటను ఊరికి మైకులో చెప్పేవాణ్ణి నేనే.

దేవుడు నాకు బలం ఇవ్వలేదు, గొంతు ఇచ్చాడు. చర్చిలో వాక్యం చదవడానికి చిన్నప్పటినుంచీ నన్నే నిలబెట్టేవాళ్ళు. బి.ఏ. అయిపోయి ఉద్యోగం లేక తిరుగుతున్న ఆ రోజుల్లో ఏటా జరిగే మా ఊరి టోర్నమెంటుకి మైకు నా చేతికి వచ్చింది. వేపచెట్టుకు బాకా కట్టి, కింద బల్ల వేసి, నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. నేను ఆటను చెప్పడం కంటే ఆటగాళ్ళను ఆటపట్టించడం ఎక్కువ చేసేవాణ్ణి. గోలు కాసే మా గోలీ వంగేలోపల బంతి వెళ్ళి తిరిగి రావచ్చనీ, మా సెంటర్ ఫార్వర్డు తన్నిన బంతికి అవతల చింతచెట్టున కాయలు రాలాయనీ ఏదో ఒకటి అనేవాణ్ణి. జనం విరగబడి నవ్వేవాళ్ళు. పొలాల నుంచి ఆడవాళ్ళు కూడా తట్టలు దించి, గట్టున నిలబడి వినేవాళ్ళు. ఆటగాళ్ళ కంటే నాకే ఎక్కువ పేరొచ్చిందని అనుకునేవాణ్ణి. ఆ అనుకోవడంలో ఉన్న తీపి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ ఏడు ఫైనల్లో మా జట్టుకు ఎదురు గుంటూరు నుంచి వచ్చిన పొగాకు కంపెనీ వాళ్ళ జట్టు. అందరికీ బూట్లు, ఒకే రంగు బనియన్లు. వాళ్ళల్లో ముందువరసలో ఎడంకాలి కుర్రాడొకడు ఉన్నాడు, పరుగు కాదది, చూపు తిప్పుకునేలోపల ఇక్కడివాడు అక్కడ ఉండేవాడు. మా వాళ్ళకు గోలు కొట్టేంత సత్తా లేదని మొదట్లోనే తెలిసిపోయింది, ఇక వాళ్ళు కొట్టకుండా ఆపడమే మిగిలింది. ఆపారు. ఎవరు ఆపారో, ఎలా ఆపారో నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే బ్యాకు బాగా ఆడుతున్నంతసేపూ మైకులో చెప్పడానికి ఏమీ ఉండదు, ప్రమాదం వచ్చేలోపే పోతుంది, జనానికి వచ్చినట్టే తెలియదు. అందుకని నేను ఆ గంటసేపూ గుంటూరు వాళ్ళ బూట్ల గురించీ, వాళ్ళ మేనేజరు టోపీ గురించీ, ఎండ గురించీ మాట్లాడాను.

ఆట ఆఖరికొస్తోంది. గోల్ లేకుండా ముగిస్తే మళ్ళీ ఆడాల్సి వస్తుందని జనంలో గుసగుసలు. అప్పుడు మధ్యలోంచి వాళ్ళ ఆటగాడు పొడుగ్గా ఒక బంతి లేపాడు. బావ ఏదో అరిచి, చెయ్యి పైకెత్తి ముందుకు వచ్చాడు. ఎడంకాలి కుర్రాడు ఆయన పక్కనుంచే దూసుకుపోయాడు. లైన్స్‌మన్ జెండా లేవలేదు. బంతి గోలులో పడింది. బావ ఎత్తిన చెయ్యి దించకుండా లైన్స్‌మన్ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

గ్రౌండంతా నిశ్శబ్దం. చేతిలో మైకున్నవాడికి నిశ్శబ్దం కంటే భయంకరమైనది లేదు. ఆలోచించలేదు. నోటికొచ్చింది. "చూశారా అండీ! మా బావ బళ్ళో పిల్లాడిలా ఎట్టా చెయ్యెత్తి నిలబడ్డాడో! సార్, ఒంటికి! రెఫరీగారూ, పంపించండి సార్, ఆగలేకపోతున్నాడు!"

నేను మైకు పట్టిన అన్నేళ్ళలో అంత పెద్ద నవ్వు ఎప్పుడూ వినలేదు. మా ఊరి వాళ్ళు ఓడిపోయిన బాధంతా ఆ నవ్వులో వదిలేసుకున్నారు. గుంటూరు వాళ్ళు నవ్వారు, రెఫరీ ఈల నోట్లో పెట్టుకుని నవ్వాడు. బావ ఒక్కసారి మా బల్ల వైపు చూసి చెయ్యి దించాడు. ఆయన మొహంలో కోపం లేదు. అంతదూరం నుంచి నాకు అలా అనిపించిందో, అనిపించాలని నేను కోరుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఆ సాయంత్రం జట్టుకంతా మా ఇంట్లోనే భోజనాలు. అమ్మ కోడికూర వండింది. అక్క అందరికీ వడ్డిస్తూ వచ్చి నా ఆకు దగ్గర ఆగి, గరిటె గిన్నెలో పడేసింది. "అంతమందిలో నీకు నా మొగుడే దొరికాడంట్రా?" అంది. బావే తేల్చేశాడు. "ఆటలో మాటే, వదిలెయ్యి. వాడికి కూర వడ్డించు" అన్నాడు. అన్నయ్య తల వంచుకుని తింటున్నాడు. ఓడిపోయినందుకనుకున్నాను.

నా లెక్కలో అది అక్కడితో అయిపోయింది. బావకు మాత్రం సోమవారం పొద్దున మొదలైంది. డ్రిల్లు పీరియడులో ఆయన గ్రౌండులోకి రాగానే క్లాసుకు క్లాసు చేతులెత్తి, "సార్, ఒంటికి!" అని అరిచింది. మొదటిరోజు ఆయన నవ్వి, నిజంగానే అందరినీ పంపించాడు. మర్నాడు ఇంకో క్లాసు. తర్వాత బజారుకెళితే కొట్లో గుమాస్తాలు, బస్సెక్కితే కండక్టరు. మిరపకాయలు ఏరే కూలీ ఆడవాళ్ళు తలెత్తకుండానే ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఊళ్ళో ఆయనకు అసలు పేరు పోయి 'ఒంటికి మాస్టారు' అనే పేరు స్థిరపడింది. ఒక్కసారి ఆలోచించండి, డ్రిల్లు మాస్టారి పనంతా ఒక ఈల మీదా, ఎత్తే చెయ్యి మీదా నడుస్తుంది. ఆ చెయ్యి ఎత్తితే చాలు, పిల్లలు పడీపడీ నవ్వుతుంటే ఆయన ఏ డ్రిల్లు చేయించగలడు? కొన్నాళ్ళకు ఆయన చెయ్యి ఎత్తడం మానేసి నోటితోనే ఆర్డర్లు వెయ్యడం మొదలుపెట్టాడు. దానికీ నవ్వారు.

ఒకరోజు హెడ్మాస్టరు గారు నాన్నగారిని దారిలో ఆపి, అల్లుడుగారికి పిల్లల మీద అదుపు తప్పుతున్నదండీ అన్నారట. ఆ వేసవి సెలవుల్లో పోస్టు పర్మనెంటు చేశారు గాని వేరే ఊరి నుంచి వచ్చిన ఇంకొకరికి ఇచ్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బావ అక్కను తీసుకుని వేటపాలెం వెళ్ళిపోయి, వాళ్ళమ్మ పనిచేసినటువంటి జీడిపప్పు షెడ్డులోనే సూపర్‌వైజరుగా చేరాడు. కొడుకును ఆ షెడ్డు నుంచి తప్పించడానికే ఆ తల్లి వేళ్ళు కాల్చుకుంది. వాళ్ళు సామాను ఎద్దులబండిలో వేసుకుంటుంటే నేను మంచం కోళ్ళు పట్టి ఎక్కించాను. ఏదో అనాలని ఉంది. మైకు లేకుండా నాకు ఒక్క మాటా రాలేదు.

మరుసటి మిరపకోతలప్పుడు అన్నయ్యా నేనూ కౌలు చేలో కాయలు ఆరబోస్తున్నాం. ఆ ఏడు టోర్నమెంటుకు మైకు పట్టుకోమని కమిటీవాళ్ళు వచ్చి వెళ్ళారు. వాళ్ళు గట్టు దిగగానే అన్నయ్య చేతిలో కాయలు వదిలేసి కూర్చుండిపోయాడు.

"ఆ గోలు బావది కాదురా. నాది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. బావ "రా" అని అరిచినప్పుడు అన్నయ్యకు వినబడింది. కాని ఆటంతా ఆ ఎడంకాలి కుర్రాడి పరుగు చూసి బెదిరిపోయి ఉన్నాడు, ముందుకెళితే వాడు దాటిపోతాడని గోలు దగ్గరే ఉండిపోయాడు. అన్నయ్య అక్కడ ఉన్నందువల్ల ఆఫ్‌సైడు కాలేదు. బావ చేసింది సరిగ్గానే చేశాడు, తోడు రావలసినవాడు రాలేదు.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా అన్నయ్యా?"

"నువ్వు ఊరందరికీ చెప్పేశాక ఇంక నేనేం చెప్పేదిరా? అందరూ నవ్వుతున్నారు. నన్ను చూసి కాదు కదా అని..." అన్నయ్య మాట పూర్తి చెయ్యలేదు. కళ్ళు తుడుచుకున్నాడు, మిరపఘాటు చేతులతో తుడుచుకోవడం వల్ల ఇంకా మండి, కుండలో నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. అన్నయ్య నా మాట వెనక దాక్కున్నాడు. దాక్కోవడానికి చోటిచ్చింది నేను. అన్నయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాను గాని రాలేదు. ఆ ఏడు కమిటీకి గొంతు బాగాలేదని కబురు పంపించాను.

తర్వాత కొద్దిరోజులకే చీరాల బస్సెక్కి వేటపాలెం వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. బావ షెడ్డు బయట, కాల్చిన జీడిగింజల కమురువాసన మధ్య నిలబడి ఉన్నాడు. "ఏం బామ్మర్దీ, ఎండనపడి వచ్చావు!" అంటూ టీకొట్టుకు తీసుకెళ్ళాడు. నేను గొంతు సవరించుకుని అన్నయ్య చెప్పిందంతా చెప్పబోయాను. ఆయన మధ్యలోనే ఆపేశాడు.

"నాకు తెలుసులేవోయ్. నేను అక్కడే ఉన్నానుగా. మీ అన్నయ్యకు మాత్రం నాకు తెలుసని చెప్పమాక, బాధపడతాడు. అయినా తప్పు నాదీ ఉంది. వెనకవాడు వస్తున్నాడో లేదో చూసుకోకుండా చెయ్యెత్తకూడదు. ఎత్తాను."

"నేనన్న మాట బావా..."

"ఆ మాటకేం, నవ్వొచ్చేట్టుగానే ఉంది." ఆయన టీ ఊదుకున్నాడు. "నాకు ఒక్కటే అర్థం కాదు. అంతకుముందు గంటసేపు నేనాడింది నీకు కనబళ్ళేదా?"

"కనబడింది బావా" అన్నాను వెంటనే.

"ఏదీ, ఒక్కటి చెప్పు."

ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగానే వినాలని అడిగాడు. ఆయన ఆట గురించి నోరారా చెప్పగలిగినవాడు ఊళ్ళో ఉంటే అది నేనేనని ఆయన నమ్మకం. నేను టీగ్లాసులోకి చూస్తూ వెతుక్కున్నాను. బూట్లు గుర్తొచ్చాయి, మేనేజరు టోపీ గుర్తొచ్చింది, ఆ పెద్ద నవ్వు గుర్తొచ్చింది. బావ ఆపిన బంతి ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. ఆయన కాసేపు చూసి, నా ఇబ్బంది గ్రహించి, "సర్లే, టీ చల్లారిపోతోంది" అన్నాడు. ఆపైన ఆ ఏడు జీడితోటల పూత గురించి మాట్లాడాడు. క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, అడక్కుండానే తిరుగుబస్సు ఎక్కాను. అడిగే అర్హత ఆ టీకొట్టులోనే పోయిందనిపించింది.

తర్వాత నాకు తెలుగు పండితుడి ఉద్యోగం వచ్చింది, ఏవేవో ఊళ్ళు తిరిగాను. పండగలకీ, బాప్తిస్మాలకీ అందరం కలిసేవాళ్ళం. బావ పిల్లలు నా ఒళ్ళోనే పెరిగారు. అక్క ఎప్పుడో నన్ను క్షమించేసింది, లేకపోతే మరిచిపోయింది. బావ మాత్రం మళ్ళీ బంతి ముట్టలేదు. ఎవరైనా ఆట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు. అన్నయ్యా, బావా పక్కపక్కనే కూర్చుని భోంచేసేవాళ్ళు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు, మధ్యలో ఇద్దరి సంగతీ తెలిసి కూర్చునేవాణ్ణి నేను.

రిటైరయ్యాక ఒకసారి గుంటూరులో స్నేహితుడి కొడుకు పెళ్ళివిందులో, నా పక్క కుర్చీలో చేతికర్రతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. మాటల్లో మా ఊరి పేరు వినగానే ఆగి, "మీ ఊళ్ళో మేమొక ఫైనలు ఆడామండీ. పొగాకు కంపెనీ జట్టు" అన్నాడు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ ఎడంకాలి కుర్రాడు ఆయనే. గోలు గురించి చెప్పుకుంటాడనుకున్నాను. "గోలు ఏదో అదృష్టంకొద్దీ పడిందండీ. ఆ పొడుగాయన ఉన్నాడే, ఆ గంటసేపు నన్ను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. అట్టాంటి బ్యాకును నేను మళ్ళీ ఎక్కడా చూళ్ళా" అన్నాడు. విందు అయ్యి షామియానా విప్పేదాకా ఆయన్ని వదలలేదు. ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాను. పాఠం వల్లెవేసే పిల్లాడిలా ఇంటికొచ్చేదాకా మననం చేసుకున్నాను.

ఆ వారమే వేటపాలెం వెళ్ళాను. అప్పటికి బావకు మోకాళ్ళు పోయాయి, చూపు మందగించింది, పొద్దంతా వరండాలో నవారు మంచం మీదే. "బావా, ఆ రోజు ఒక్కటి చెప్పమన్నావు గుర్తుందా?" అన్నాను. ఆయన తల తిప్పి చూశాడు. నేను లేచి నిలబడి, ఎన్నో ఏళ్ళుగా వాడని ఆ పాతగొంతు తెచ్చుకుని, ఆటను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఆ కుర్రాడు మా అన్నయ్యను దాటుకుని వస్తే గ్రౌండు ఆ చివరి నుంచి బావ వచ్చి, అతని కాలికి తగలకుండా కాలివేళ్ళ మీంచి బంతి తీసుకుపోవడం. ఎడంకాలి వాటమని కనిపెట్టి, ఆటంతా అతన్ని కుడికాలి మీదికే, గులకరాళ్ళున్న వైపుకే మళ్ళించడం. గోలీ పడిపోయి ఉంటే గోలుగీత మీద నిలబడి, దూసుకొచ్చిన బంతిని పొట్టతో ఆపి కూలబడి, ఊపిరాడకపోయినా లేచి, దాన్ని ఎడంకాలితో బయటికి తన్నడం.

"ఎడంకాలు కాదు. కుడికాలు" అన్నాడు బావ.

వంటింట్లోంచి అక్క గరిటె పట్టుకుని వచ్చి గడపలో నిలబడి వింటోంది. నేను సరిదిద్దుకుని మళ్ళీ చెప్పాను. కుడికాలితో తన్నడం అయ్యాక బావ కళ్ళు మూసుకుని, "ఇంకొకసారి చెప్పవోయ్, ఆ గీత మీద ఆపింది" అన్నాడు. చెప్పాను. అక్క వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "ఇంత ఆడావని నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఆయనతో. ఆయన ఆమె చెయ్యి తట్టాడు.

ఆ తర్వాతి వానాకాలంలో బావ పోయాడు. స్మారక కూడికకు షెడ్డులో ఆయన కింద పనిచేసినవాళ్ళంతా వచ్చారు. పాస్టరుగారు నన్ను మాట్లాడమంటే ఫుట్‌బాలు సంగతి చెప్పాను, గోలు సంగతి వదిలేశాను, ముందు వరసలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. కూడిక అయ్యాక ఒక నడివయసు ఆమె వచ్చి, "మా సార్ ఫుట్‌బాల్ ఆడేవారాండీ? మాకు ఒక్కరోజన్నా చెప్పలేదే!" అని ఆశ్చర్యపోయింది.

చెప్పాల్సింది చివరికి చెప్పాను కదా అని ఒక్కోసారి నన్ను నేను ఓదార్చుకుంటాను. కాని నేనన్న ఎగతాళిని ఊరు ఊరంతా విన్నది, ఆయన ఆటను వేటపాలెం వరండాలో ఇద్దరు విన్నారు. ఈ రెండూ సరిసమానమని ఏ తక్కెడా చెప్పదు.

మా ఊరి గ్రౌండు ఇప్పుడు లేదు. మిరపకాయలు దాచుకునే కోల్డ్ స్టోరేజీ గోడలు దాన్ని సగం ఆక్రమించాయి, మిగతా సగంలో లారీలు ఆగుతాయి. బడి పిల్లల్ని బస్సులు వచ్చి ఎక్కించుకుపోతాయి. ఆ రోజు మా జట్టులో ఆడినవాళ్ళలో నాకు తెలిసి మిగిలింది అన్నయ్య ఒక్కడే. ఫోన్ చేస్తే బీపీ గురించీ, చర్చి ఎన్నికల గురించీ మాట్లాడుకుంటాం.

ఈ కాలంలో ఎవరి ఆట ఎలా ఉందో చెప్పడానికి వేపచెట్టుకు బాకా కట్టక్కర్లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అన్నవాడెవడో పడ్డవాడికి తెలియదు, ఇద్దరూ జన్మలో ఎదురుపడరు. మా రోజుల్లో అలా కాదు. మాట అన్నవాడూ, ఆ మాట పడ్డవాడూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే కూర తినేవాళ్ళు, ఒకే బండికి మంచం కోళ్ళు ఎక్కించేవాళ్ళు. చెప్పుకోవడానికి మనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండేవాడు. ఆ కాలం పోయిందని నా ఈడువాళ్ళు బాధపడుతుంటే నేనూ వాళ్ళతో కలిసి నిట్టూరుస్తాను. అంత దగ్గర ఉన్న మనిషిని అన్నేళ్ళు ఒంటరిగా వదిలేసినవాణ్ణి నేనే అన్న సంగతి మాత్రం ఇది రాసేదాకా వాళ్ళకెప్పుడూ చెప్పలేదు.